ఎంత ఘాటో చెప్పని కాగితం

బంగారుపాళ్యం,
శుక్రవారం.

నాయనా,

ఇది ఫోనులో అరిచి చెప్పే సంగతి కాదు. మరమగ్గాల పక్కనే అద్దకం షెడ్డు పెట్టుకుని చెవులు పోగొట్టుకున్నావు కాబట్టి ఉత్తరమే గతి. కోపం వచ్చినా చివరిదాకా చదువు. సగంలో చించేశావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

పోయినేడు నగరి నుంచి ఒక పిల్లను వెంటబెట్టుకొచ్చి, "మన వీధి పిల్లే. బుర్ర ఉండాది. మీ హాస్టలు బడిలో సేర్పించు" అన్నావే, ఆ హేమశ్రీకి సోమవారం నాలుక కాలింది. భయపడకు, ఇప్పుడు బాగానే ఉంది. తొమ్మిదో తరగతికి నేను రసాయన శాస్త్రం ప్రయోగం చేయిస్తున్నాను. బాగా పలచన చేసిన కాస్టిక్ సోడా నీళ్లలో పసుపు పూసిన కాగితం ముంచితే ఎర్రగా మారుతుంది, అదీ పాఠం. నలభై మంది కాగితాలూ ఎర్రబడ్డాయి, అందరూ చప్పట్లు కొట్టారు. హేమశ్రీ మాత్రం ఒక చుక్క తీసి నాలుక కొసకు పెట్టుకుంది. నేను చూసి పరుగెత్తేసరికే కొస తెల్లగా పొక్కింది. కుళాయి కింద పావుగంట పుక్కిలింపించి ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ, నీళ్లు పలచగా ఉండబట్టి బతికిపోయిందని చెప్పింది. మూడు రోజులు మజ్జిగన్నం మీద ఉంది.

ఎందుకలా చేశావని అడిగితే అది ఏమందో తెలుసా? "కాగితం ఎర్రగయింది మేడం. ఘాటు ఉండాదని చెప్పినాది. ఎంత ఉండాదో చెప్పలా. అందుకే నాలుకతో సూసినా. వరదయ్య తాత అట్లే సూస్తాడు."

ఆ వరదయ్య తాతవు నువ్వే కదా నాయనా. ఆ తరగతిలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే, దాన్ని అడిగింది అదొక్కతే. నేను జవాబు చెప్పకుండా చప్పట్లు కొట్టించుకున్నాను.

మా ప్రిన్సిపాల్ హరినాథ్ గారు మరుసటి రోజే లాబుకు తాళం వేశారు. ఒక కాగితం టైపు చేయించి నా ముందు పెట్టారు. విద్యార్థిని హెచ్చరికలను లెక్కచేయక అల్లరిగా ప్రవర్తించింది, కాబట్టి టీసీ ఇచ్చి పంపుతున్నాము, ఇకపై ప్రయోగాలన్నీ తెరమీద వీడియోలోనే చూపబడును అని అందులో ఉంది. "నీ మేలుకే చెప్తుండానమ్మా. సంతకం పెట్టు. నీ ఉద్యోగం నీకుంటాది" అన్నారు. సోమవారం దాకా గడువు.

నేను పెట్టను. నా కాగితం నేనే రాసిచ్చాను. చేత్తో తాకొద్దన్నాను, దగ్గరగా వాసన చూడొద్దన్నాను, కళ్లద్దాలు పెట్టించాను. నోట్లో పెట్టుకోవద్దని మాత్రం అనలేదు. ఆ తప్పు నాది, పిల్లది కాదు అని రాశాను. ఎందుకు అనలేదో కూడా రాశాను. నాలుకతో చూడటం నా కంటికి వింతగా తోచలేదు. ఎనిమిదేళ్లప్పుడు అద్దకం తొట్టి పక్కన నన్ను నిలబెట్టి, కాస్టిక్ ఘాటు ఇలా చూడాలని వేలితో నా నాలుకకు రాసింది నువ్వే కదా. అందులో నీ పేరు రాసేముందు నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావని కాదు, అడగాల్సిన పని లేదనిపించింది.

ఇంకొక మాట. ఇది ఇరవై ఏళ్లుగా నా గొంతులో ఉంది. నువ్వు చారు పోసుకున్నప్పుడల్లా, "ఉప్పెయ్యడం కూడా రాదా నీకు" అని అమ్మ మీదికి కంచం నెట్టేవాడివి. అమ్మ ఉప్పు డబ్బా తెచ్చి నీ ముందు పెట్టేది. చారులో ఉప్పు సరిపోయేది నాయనా. రోజూ సరిపోయేది. పోయింది నీ నాలుక. అద్దకం వీధంతా మెచ్చుకునే నాలుక, తొట్టి ఘాటు తప్ప ఇంకేమీ పసిగట్టలేని నాలుక. పదో తరగతిలో క్షారాల పాఠం చదివిన రోజే నాకు అనుమానం వచ్చింది. నీకు చెప్పే ధైర్యం లేకపోయింది. అమ్మ అన్ని మాటలు పడుతుంటే పుస్తకం అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. అందుకు నాకు నా మీదే కోపం. హేమశ్రీ విషయంలో మళ్లీ అలా కూర్చోలేను.

లాబుకు తాళం వేశారు గానీ వంటగదికి వెయ్యలేదు. కాస్టిక్ ఊసే లేకుండా బట్టల సోడా నీళ్లు, పసుపు, నిమ్మకాయలతో రోజూ వరండాలో పాఠం చెబుతున్నాను. ఒక చెంచా సోడా నీళ్లు గ్లాసుడు మంచినీళ్లలో కలిపి, చిటికెడు పసుపు వేస్తే ఎర్రబడుతుంది. ఎన్ని చుక్కల నిమ్మరసానికి ఆ ఎరుపు విరిగి మళ్లీ పసుపు రంగు వస్తుందో లెక్కపెట్టాలి. ఎక్కువ చుక్కలు పడితే ఎక్కువ ఘాటు. హేమశ్రీ అడిగినదానికి ఇదే జవాబు. తొట్టి ఘాటు చూడటానికి నీకూ ఇదే.

నీ కూతురు,
పూజిత


నగరి,
బుధవారం.

అమ్మా పూజితా,

నీ ఉత్తరం సగం చదివి చించినాను. మీ అమ్మ ఆ ముక్కలు ఏరి, అన్నం మెతుకులతో అతికించి మళ్లీ నా చేతికిచ్చింది. మిగతాది అప్పుడు చదివినాను.

ఆ పొద్దు చారు పోసుకుని ఊరికే కూర్చున్నా. పెంచలమ్మా, ఇందులో ఉప్పుండాదా అని మీ అమ్మను అడిగినా. ఉండాది అనింది. ఎన్నాళ్ల నుంచి అంటే, నువ్వు నన్ను చేసుకున్న కాడ్నించి అనింది. నాలుగు తిట్టింటే బాగుండును.

సోమవారం మొదటి బస్సుకే మీ బడికి వచ్చినాను. నీకు చెప్పలా. మీ ప్రిన్సిపాలు నన్ను కూర్చోమన్నాడు. ఆ పిల్లకు నేర్పింది నేను, టీసీ ఇచ్చేదుంటే నాకియ్యి అన్నా. ఆయన ఏందేందో చెప్పినాడు. నాకు వినపడలా. కొంచెం వినపడినా వినపడనట్టే కూర్చున్నా. ఆయన అరిచి చెప్పినాడు, రాసి చూపించినాడు. అద్దాలు ఇంట్లో మర్చిపోయినా అన్నా. నాలుక చాపి చూపించినా. నా నాలుక మధ్యలో నున్నగా, బండరాయి మాదిరి ఉంటాది, నువ్వు చూసినావో లేదో. ఆయన చాలాసేపు చూసినాడు. ఆ టైపు కాగితం తీసి సొరుగులో పెట్టేసినాడు. సొరుగులో కాదు సామీ, చించు అన్నా. చించేదాకా ఈడ్నించి లేయనన్నా. భోజనాల గంట కొట్టినాక చించినాడు. హేమశ్రీ ఆడనే చదువుతాది. లాబు తాళం సంగతి నేను అడగలా, అది నీ కొట్లాట, నువ్వే చూసుకో.

పొయ్యేటప్పుడు స్తంభం చాటున నిలబడి మీ వరండా దిక్కు చూసినా. ఆ పిల్ల చుక్కలు వేస్తా వేళ్లు మడుస్తా ఉన్నాది. నువ్వు పక్కన వంగి చూస్తా ఉన్నావు. పిలవబుద్ధి కాలా. బస్సెక్కినా.

నిన్న తొట్టిలో రంగు పోయకముందు నీళ్లు చెంచాతో తీసి నువ్వు చెప్పినట్టే చేసినా. చేతికి తొడుగు కూడా వేసుకున్నా, నవ్వొద్దు. ముందు నా నాలుకతో చూసి రాసి పెట్టుకుందామనుకున్నా, ఏది సరైందో తెలియాల కదా. మీ అమ్మ చారు గెంటె పట్టుకుని అడ్డం నిలబడినాది. సరే అని చుక్కలే వేసినా. ముప్పై నాలుగు చుక్కలు పట్టినాయి. నూలు రంగు బాగానే పట్టింది. మన షెడ్డులో పనిచేసే మునికృష్ణకు, ఆ పక్క షెడ్డోళ్లకు కూడా చూపించినా. వాళ్లు నవ్వినారు. రేపు నవ్వరులే.

నన్ను అడక్కుండా నా పేరు రాసినావు. మంచి పని చేసినావు.

రాత్రి చారు పోసుకున్నా. మీ అమ్మ అలవాటు కొద్దీ ఉప్పు డబ్బా తెచ్చి ముందర పెట్టినాది. నేను దాన్ని పక్కకు నెట్టి, నాకు తెలీదు పెంచలమ్మా, సరిపోయిందో లేదో నువ్వే చెప్పు అన్నా. మీ అమ్మ నా కంచంలో చారే వేలితో కాస్త తీసి నోట్లో పెట్టుకునింది.

సరిపోయింది, తిను అనింది. తిన్నాను.

మీ నాయన,
వరదయ్య