పై వరస వాయించేవాళ్లు

మేకన్ నుంచి.

చిరంజీవి వెండెల్‌ను అన్నయ్య హార్లన్ దీవించి రాస్తున్న సంగతులు. నా మోకాళ్లు తప్ప ఇక్కడందరం క్షేమం. నీ రొయ్యల పడవ ఇంజను బాగైందని విని మీ వదిన సంతోషించింది.

మన చైనాబెరీ బ్యాండు ఇంకా బతికే ఉందా అని ఎగతాళిగా అడిగావు. బతికే ఉందిరా, మనుషులే మారారు. మొదలుపెట్టినవాళ్లలో మిగిలింది నేనొక్కణ్ణే. మన గాయకుడు బక్ పాస్టరై, మనం కలిసి చేసిన పాపాల మీదే ఆదివారాలు ప్రసంగిస్తున్నాడు.

ఒకే పాటను నేను కింది వరస, నువ్వు పై వరస అందుకుని రెండు గిటార్లూ జోడుగా నడిపించేవాళ్లం. అమ్మ బెండకాయలు వేయిస్తూ, "గిటార్లకున్న పొత్తు మీకు లేదు గదరా!" అనేది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

బ్యాండు వ్యాను బోల్తాపడి, డ్రమ్ములు వాయించే లమార్ పోయాక నువ్వు గిటారు వదిలేశావు. నీ బిడ్డలెవరూ బ్యాండు వ్యానెక్కరని ఒట్టు పెట్టుకున్నావు. నేను తప్పుపట్టలేదు. నీ చోటికి చాలామందే వచ్చారు. జాక్సన్‌విల్ వాడు రైలందుకోవాలన్నట్టు వాయించేవాడు. ఇంకొకడికి పాట కన్నా జుట్టు మీద శ్రద్ధ. అందరికీ నీ వరస నేనే నేర్పాను. చివరి స్వరం దగ్గర నీలా ఆగడం మాత్రం ఎవరికీ రాలేదు.

మీ అమ్మాయి కొరీన్ మా ఇంట్లో ఉండి నర్సింగు సరిగ్గా చదువుతోందా అన్నావు. చదువుతోంది, మార్కులూ మంచివే. వెండెల్, ఇక చెప్పకుండా ఉండలేను. వేసవి నుంచి నీ చోట వాయిస్తున్నది నీ కూతురే.

నేను పిలవలేదు, నేర్పలేదు. సాధనకు జుట్టువాడు రాకపోతే, మూలన కూర్చున్న పిల్ల లేచి నీ వరస అందుకుంది. చివర్న అచ్చం నీలాగే ఆగింది. నేను వాయించడం ఆపేశాను.

"ఎక్కడ నేర్చావే?" అన్నాను.

"నాన్న పడవల షెడ్డు తలుపేసుకుని వాయించుకుంటాడుగా పెదనాన్నా. తలుపుకివతల నేనుండేదాన్ని."

నువ్వు వదిలేశావని ఇన్నేళ్లు నమ్మిన వెర్రివాణ్ణి! ఏడ్చేశానురా.

ఇప్పటిదాకా ఊళ్లోనే వాయించాం. వచ్చే నెల అట్లాంటా వెళ్లాలి, వ్యానెక్కాలి. నువ్వు వద్దంటే ఎక్కించను. ఇంకొకరికి నేర్పే ఓపిక నాకు లేదు, అప్పుడు బ్యాండు ఇక్కడితో సరి. ఏమన్నా అనదలిస్తే శనివారం ఇక్కడి కచేరీకి వచ్చి అను.

నీకు రాస్తున్నానని తెలిసి కొరీన్ అన్నం ముట్టలేదు. ఇందాకే వచ్చి, "నాన్నను ముందు కుర్చీల్లో కూర్చోబెట్టకు పెదనాన్నా, చూస్తే నాకు స్వరం తప్పుతుంది. కానీ రమ్మను" అంది.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధంగా ఉన్న అన్నయ్య,
హార్లన్