చరియ మీది పుట్టగొడుగులు

లోమా ఆల్తా,
1987 జూలై 12, ఆదివారం.

చెల్లి బెనితాకు,

అక్క ఫిదేలియా దీవించి రాసేది. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి, మొక్కజొన్న మోకాలు దాటింది, నా నడుము నొప్పి మామూలే. అక్కడ నువ్వూ మరిదీ క్షేమమని తలుస్తాను.

ఆరేళ్లకు నీ ఉత్తరం వచ్చింది. పొయ్యి దగ్గర కూర్చుని మూడుసార్లు చదివాను. అమ్మ నీవల్లే పోయిందో కాదో పుట్టగొడుగులనే అడుగుతానని, ఏ రకం తినాలో చెప్పమని రాశావు.

ఆవుపేడ మీద మొలిచేదాని జోలికి పోకు. చూడటానికి పెద్దదే కానీ మనవాళ్లకు దాని మీద గురి లేదు. గడ్డిలో మొలిచే చిన్నది, మనం పిట్ట అనేది, మెత్తనిది. కాసేపు నవ్విస్తుంది, కాసేపు ఏడిపిస్తుంది, తెల్లారేసరికి వదిలేస్తుంది. విరిగిపడిన కొండచరియ మీద, ఎర్రమట్టిలో గుంపుగా వచ్చేది మాత్రం వేరు. వేలితో నొక్కిన చోటల్లా నీలంగా కమిలిపోతుంది. తిన్న అరగంటకు ఆవులింతలు వస్తాయి, చేతులు చల్లబడతాయి, కడుపులో తిప్పుతుంది. ఆ తర్వాత మూసిన కళ్ల ముందు రంగులు మన రవికల మీది కుట్టుపూలలా కదులుతాయి. గంట గడవడానికి యుగం పడుతుంది. దాచుకున్నదేదో ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. నీలాగా గుండె బరువెక్కినవాళ్లు దాన్ని ఒంటరిగా తినకూడదు. తొమాసా అవ్వ లాంటి వైద్యురాలు పక్కన ఉండాలి.

అవి తినే ఇంట్లో ఆలుమగలు నాలుగు రోజులు విడిగా పడుకోవాలన్న నియమం సంగతి నీకు చెప్పక్కర్లేదు. అమ్మ దగ్గుకు అవ్వ చరియవి తినిపించినప్పుడు అవి ఏమీ పలకలేదు. అయిదో రోజు అమ్మ పోయింది. నాలుగు రాత్రులు మొగుడికి దూరంగా పడుకోలేకపోయావా, అమ్మ కన్నా మంచమే ఎక్కువైందా అని పెద్దమ్మ అందరి ముందూ నిన్ను దులిపేసింది. ఏ తప్పూ చెయ్యలేదని నువ్వు కొవ్వొత్తి ముందు ఒట్టేశావు. నేను అక్కడే ఉన్నాను, నోరు విప్పలేదు. మరునాడే మీరిద్దరూ బస్సెక్కారు.

నీ ఉత్తరం తొమాసా అవ్వకు చదివి వినిపించి, నా మనసులో దాచుకున్నదీ చెప్పాను. ఆవిడకు కళ్లు ఆనడం లేదు కానీ నోరు తగ్గలేదు. ఆరేళ్లకు నిద్ర లేచావటే, ముందు నీ చెల్లికి రాయాల్సింది రాయి, పుట్టగొడుగుల మాట తర్వాత అంది.

ఇట్లు,
నీ అక్క
ఫిదేలియా

తా.క.: బెనితా, నువ్వు వాటిని ఏమీ అడగక్కర్లేదు. ఆ రోజు అవి ఏరుకొచ్చింది నేను. దారిలో శవం ఎదురైతే వాటి బలం పోతుందని, వాటిని పారేసి మళ్లీ కొండెక్కాలని చిన్నప్పుడే నేర్చుకున్నాం కదా. వాగు దాటగానే ఎవరిదో శవపేటిక ఎదురొచ్చింది. అరటాకు పొట్లాన్ని శాలువా కింద దాచుకుని నిలబడ్డాను. వాన కురుస్తోంది, చరియ జారుతోంది, మళ్లీ ఎక్కడానికి బద్ధకించాను. తెచ్చి అవ్వ చేతిలో పెట్టాను. నీ మీద పడ్డ నింద నాది. నిన్న పెద్దమ్మకు చెప్పేశాను, ఆవిడ నా ముఖం చూడటం లేదు. నీకు రావాలనిపిస్తే రా. ఈసారి నువ్వే ఏరు, నేను వెనక నడుస్తాను. శవం ఎదురైతే మళ్లీ కొండ నేనెక్కుతాను.