తిర్సా పుస్తకం, అమ్మ సాక్ష్యం

1987 జూలై 5, ఆదివారం. నరసరావుపేట

తిర్సా గెల్మన్ నవల ఇంగ్లీషులో మళ్ళీ చదివాను. ఏం మనిషమ్మా! ఉండేది హైఫాలో, రాసేది హీబ్రూలో. పగలంతా స్కూల్లో లెక్కలు చెప్పి, ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని రాసుకునేదట. మొదటి పుస్తకం వచ్చేసరికి నలభై దాటాయి. నేనూ టీచర్నే. కాంపోజిషన్లు దిద్దేసరికే నా ఓపిక అయిపోతుంది.

నవలలో పిల్ల బూట్లు వేసుకునే నిద్రపోతుంది. ఎందుకో దానికే తెలీదు. వాళ్ళమ్మ నాజీల క్యాంపులో ఉండి బతికి బయటపడింది. అక్కడ ఎప్పుడు పరిగెత్తాల్సొస్తుందోనని బూట్లు విప్పేది కాదు. ఆ సంగతి కూతురికి ఒక్క ముక్క చెప్పలేదు. భయం మాత్రం కూతురికి వచ్చేసింది. కంటితో చూడనిదాని గురించి నువ్వెలా రాస్తావని పెద్ద పెద్ద వాళ్ళు తిర్సాని తిట్టిపోశారట. చూడలేదు గనకే రాస్తున్నానందట. శభాష్!

తెలుగు చేస్తున్నాను. రెండు చాప్టర్లయ్యాయి.

జూలై 9

మాచర్ల హాస్టల్ వార్డెన్ స్కూలుకి ఫోన్ చేసింది. సాయంత్రం గది తలుపు గడియ పెట్టగానే మా అమ్మాయి కరుణ ఊపిరాడడం లేదని ఏడుస్తోందట. నెలాఖరు దాకా చూస్తామంది, మారకపోతే తీసుకెళ్ళిపొమ్మంది. పదేళ్ళ పిల్ల. ఎంట్రన్స్ రాసి తెచ్చుకున్న సీటు.

గారాబం ఎక్కువైందే దానికి అన్నాడు మా ఆయన. ఒళ్ళు మండింది. గారాబమైతే మరి గడియ పెట్టిన గదిలో నేనూ ఉండలేనే, నాకేం రోగం? మా అమ్మ ఏ ఇంట్లో అద్దెకు దిగినా ముందు తలుపుల గొళ్ళాలూ గడియలూ పీకించేది. ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది, ఇక్కడా పీకించింది. ఎందుకని అడిగితే, ఏందే నీ గోల, పోయి పని చూసుకో అంటుంది.

జూలై 10

స్టాఫ్ రూమ్‌లో ఎవరూ లేనప్పుడు గడియ పెట్టి చూశాను. చెమటలు పట్టాయి. తీసేశాను.

జూలై 18

పోస్టులో తిర్సా పుస్తకం! హీబ్రూది! పబ్లిషర్‌కి నేను రాసిన జాబు ఆవిడ దాకా వెళ్ళిందన్నమాట. స్వయంగా సంతకం చేసి పంపింది. ఒక్క అక్షరం రాదు నాకు. అయినా పొద్దుట్నుంచీ పేజీలు తిప్పుతూనే ఉన్నాను, మన పుస్తకాలకి తిరగేసి, వెనక నుంచి ముందుకి.

అమ్మ పుస్తకం లాక్కుని కళ్ళకద్దుకుంది. అది నవలమ్మా, దేవుడి వాక్యం కాదు అన్నాను. దేవుడు మోషేతో మాట్టాడిన బాస ఇది, నువ్వు నోరు ముయ్యి అంది. తిర్సా పేరు సంఖ్యాకాండంలో చానా సార్లు విన్నానంది. తెల్లగుడ్డ పరిచి బైబిలు పక్కన పెట్టింది. నవ్వలేక చచ్చాను.

జూలై 24, శుక్రవారం



ఈ వారం ప్రార్థన కూటం మా ఇంట్లో. మా కూటంలో ఒకరు వాక్యం చదివితే, మనసు కదిలినవాళ్ళు లేచి సాక్ష్యం చెబుతారు. అమ్మ ఎన్నడూ లేవలేదు. ఇవాళ హీబ్రూ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, దీంట్లోది చదవవే అంది నాతో. ఇది నవలండీ అని పాస్టరు కృపానందంగారికి చెప్పబోయాను. చదవండమ్మా, పెద్దావిడ అడుగుతోంది కదా అన్నారాయన. నేను తెలుగు చేసిన బూట్ల చాప్టరు చదివాను. అందరూ కళ్ళు మూసుకుని విని ఆమెన్ అన్నారు. నవలకి ఆమెన్! నేను పెదవి కొరుక్కుంటుంటే అమ్మ లేచి నిలబడింది.

నేను పుట్టకముందు మాట చెప్పింది. రాజుపాలెం దగ్గర పల్లె. మిరపకాయ కోతకు పోతూ, మూడేళ్ళ కొడుకు బావి దగ్గరికి పోతాడేమోనని లోపల పడుకోబెట్టి బయట గొళ్ళెం పెట్టింది. గుడిసెలు అంటుకున్నాయి. వచ్చేసరికి ఏమీ లేదు. గొళ్ళెం నేనే పెట్టా, ఈ చేత్తోనే పెట్టా అంది. ప్రతి కూటంలో లేద్దామనుకున్నా, కాళ్ళు రాలా అంది.

ఎవరూ ఆమెన్ అనలేదు. పక్కింటి మరియమ్మత్త వెళ్ళి అమ్మని పట్టుకుంది. నాకు ఒక అన్న ఉన్నాడు.

జూలై 25

కరుణకి తానే చెబుతానంటోంది అమ్మ. పసిపిల్లకి అవన్నీ ఎందుకు, ఇంకా బెదిరిపోతుందని మా ఆయన. నాకూ భయమే. కానీ తిర్సా వాళ్ళమ్మ కూడా, ఆ నవల్లో తల్లిలాగే, క్యాంపు సంగతి చెప్పకుండానే పోయిందట. తిర్సా ఎన్ని పుస్తకాలు రాసినా అక్కడ నిజంగా ఏం జరిగిందో ఆ ఒక్కటీ తెలుసుకోలేకపోయింది. రేపు పొద్దున్నే మాచర్ల బస్సెక్కుతున్నాం.

జూలై 26, ఆదివారం

హాస్టల్ వరండాలో ఇద్దరూ కూర్చున్నారు. అమ్మ నన్ను గేటు దగ్గరే ఉండమంది. ఏం వినపడలేదు. కరుణ అమ్మమ్మ చేతిని తన రెండు చేతుల్తో పట్టుకుని, తిప్పి తిప్పి చూసింది.

తర్వాత పరిగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చింది. ఏసుపాదం నాకు మావయ్య అవుతాడా అని అడిగింది. అవుతాడన్నాను. అయితే మావయ్య నాకంటే చానా చిన్నోడు గదమ్మా అంది.

అన్న పేరు దాని నోటే విన్నాను.

జూలై 30

వార్డెన్ ఫోన్. కరుణ ఏడవడం మానేసిందట. గడియ ఇప్పుడు తనే పెడుతోందట. పెట్టేముందు మాత్రం చిన్నపిల్లలెవరైనా ఉండిపోయారేమోనని మంచాల కింద చూస్తోందట, ఏం చేయమంటారు అంది.

చూడనివ్వండి అన్నాను.