నారిపురుగు తెగింది

1964, హోళీ వెళ్ళిన మంగళవారం

నా కొడుకు నర్సయ్య మూలుగు ఇప్పుడే కాస్త తగ్గింది. సూది మందు పనిచేస్తోందో, వాడికి ఓపికే లేదో.

వాడి మడమ దగ్గర కురుపులోంచి దారంలాంటి నారిపురుగు తల బయటపెట్టినప్పటి నుంచి, రోజూ నీళ్ళు పోసి, చీపురుపుల్లకు కొంచెం కొంచెంగా చుడుతున్నాను. సగం వచ్చింది. నిన్న చెరుకు కొట్టమని ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది.

"నీ పుల్ల సుట్టుడయ్యేదాంక చెరుకు ఎండిపోతదే అవ్వా," అని వాడే పట్టి గుంజాడు. పురుగు తెగింది. తెల్లారేసరికి కాలు మోకాలి దాకా ఉబ్బి, ఒళ్ళు కాలిపోతోంది. బండి కట్టించి బోధన్ దవాఖానకు తీసుకుపోయాను.

"పురుగు పాణంతోని ఉన్నంతసేపు ఒంటిని మాయజేస్తదవ్వా," అన్నాడు డాక్టరు. "లోపల పగోడున్నట్టు ఒంటికి తెల్వనియ్యది. తెగితే దాని లోపలిదంతా మాంసంల పడి, ఒళ్ళు ఒక్కసారే ఎగబడుతది. గీ వాపు, జరం గా కొట్లాటనే."

"ఎప్పుడు జొచ్చింది సారూ?"

"నిరుడు తాగిన నీళ్ళల్ల."

నిరుడు ఇంటిల్లిపాదీ మా ఊరి దిగుడుబావి నీళ్ళే తాగాం. ఇంటికి రాగానే మనవరాలి పాదాలు ఒత్తి చూశాను.

"నొస్తుందా బిడ్డా?"

"నొస్తలేదు నాయినమ్మా, కితకితలైతున్నయ్!" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. కురుపు లేచేదాకా నర్సయ్యకూ ఏ నొప్పీ లేదు.