ఇంటి మనిషి కూర్చునే తొట్టి

శ్రీవారికి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. ఈ ముక్క ముందే రాసేస్తే మిగతాది మీరు కుదురుగా చదువుతారని ఆశ. పాపకు దగ్గు తగ్గింది. మీరు పంపిన రంగు డబ్బాలు అందాయి.

మన సైడ్‌కార్ల షెడ్డు ఎలా మొదలైందని మీ మేనేజరు అడిగారన్నారు కదా, ఇలా చెప్పండి. నడవలేని తల్లిని బజారుకు తీసుకెళ్ళడానికి మీ తాతయ్య గారు మోటార్‌సైకిలు పక్కన రేకు తొట్టి ఒకటి బిగించారు. ముందు అందరూ నవ్వారు, తర్వాత వాళ్ళే వరస కట్టారు. రొట్టెలవాళ్ళు, పాలవాళ్ళు, పెళ్ళాం పిల్లలున్న గుమాస్తాలు. మామయ్య గారి హయాంలో షెడ్డులో కాలు పెట్టే చోటుండేది కాదట. చిన్న కార్లొచ్చాక అంతా తప్పుకున్నారు. ఇప్పుడు పాత బండ్ల మీద మోజున్నవాళ్ళే దిక్కు. ఒక్క నియమం మాత్రం మారలేదు. కొత్త తొట్టి ఏదైనా చేసినవాడే నడపాలి, ఇంటి మనిషి తొట్టిలో కూర్చోవాలి, వంతెన దాకా వెళ్ళి రావాలి. అప్పుడే మన పేరు రేకు బిగిస్తారు. అత్తయ్య పోయాక ఆ మనిషిని నేనే.

"నాన్న ఎలా ఉన్నారు?" అని మీరడిగిన ప్రతిసారీ "గుండ్రాయిలా ఉన్నారు" అని రాశాను. నిజం కాదండీ. ఆయనకు ఎడమ కన్ను కనబడటం లేదు. తొట్టి ఉండేది ఎడమ వైపే. అటు పెట్టిన టీ గ్లాసు కోసం ఆయన తడుముకోవడం చూశాను. "వాడికి రాయకు, పని మానేసి వస్తాడు" అన్నారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటూ వచ్చాను. మొన్న కూరల బండి అంచు నా మోచెయ్యి చెక్కేసింది. ఆయనకు తెలియనే లేదు.

నిన్న ఇక కూర్చోనని చెప్పేశాను. నేను లోపలికెళ్ళి చేతులు కడుక్కుని వచ్చేసరికి తొట్టిలో పాప కేరింతలు కొడుతోంది! ఇంజను మోగుతోంది. పరుగెత్తి బండికి అడ్డం నిలబడ్డాను.

"తప్పుకో అమ్మాయ్! బండి కనబడట్లేదా?"

"నాకు కనబడుతోంది మామయ్యా. మీకే కనబడట్లేదు."

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన ఇంజను ఆపారు. తర్వాత పాపను దింపి, తనే తొట్టిలోకి దిగారు.

"ఎక్కు."

"చేసినవాళ్ళే నడపాలి కదా?"

"దీనికి రివెట్లు కొట్టింది నువ్వే కదా? ఎక్కు, నేను చెప్తా."

షెడ్డు ముందు ఖాళీ స్థలంలో మెల్లగా తిప్పాను. ఎడమకు మలపగానే తొట్టి చక్రం నేల వదిలేసింది. ఆయన రెండు చేతులా అంచు పట్టుకున్నారు. బండి ఆపాక కూడా వదల్లేదు. తొట్టిలో కూర్చోవడం జన్మలో అదే మొదటిసారట.

"మీ అత్తయ్య ఒక్కనాడైనా భయమేస్తోందని చెప్పలేదమ్మా" అన్నారు.

రేపు వంతెన దాకా నేనే నడపాలట. పెద్ద రోడ్డు, లారీలు తిరిగే చోటు.

"భయమేస్తోంది మామయ్యా" అన్నాను.

"నాకూ" అన్నారు.

ఇట్లు,
ఈసారి ఉత్తరం మామయ్య గారికి చదివి వినిపించే పోస్టు చేస్తున్న
మీ భార్య