సముద్రం ఒడ్డున నా పేరు తెలిసిన ఆమె

భీమునిపట్నం
12-5-1963

బాపుకు శంకరవ్వ దండం పెట్టి రాయునది. ఇంటినుంచి వచ్చిన పదకొండు మందిమీ క్షేమం. మీకు గనిలో సెలవు దొరికి వచ్చి ఉంటే బాగుండేది.

ఎన్నడూ వేములవాడకైనా తీసుకుపోని పెదబాపు అందరికీ సముద్రం చూపిస్తాననడం నాకు మొదటినుంచీ అనుమానమే. రోజూ సాయంత్రం ఒకామె కొడుకుతో వచ్చి మా పక్కనే ఇసుకలో కూర్చుంటుంది. పెదబాపు ఆమెను ఎరగనట్టే ఉంటాడు. నిన్న ఆమె, "శంకరవ్వా, జర గిటు నడిచి రా బిడ్డా" అన్నది. నా పేరు ఎవరు చెప్పారు? మాట కూడా మన దిక్కుదే.

కన్నతల్లే కదా అని అవ్వను నిలదీశాను. "గా పిలగానికే నిన్ను ఇస్తరట. మీ బాపుకు ఎరుకే" అన్నది. నేను పెదబాపు ముందరే, "బాపు చెప్పేదాంక నేను ఒప్పుకోను. ఇంక సదువుకుంట" అన్నాను. ఆయన అన్నం ముట్టకుండా లేచిపోయాడు.

బర్రె ఈనిందా? నా పుస్తకాలకు చెదలు పట్టకుండా చూడండి. ఈ కార్డు ఎవరి చేతికీ ఇవ్వక నేనే డబ్బాలో వేస్తున్నాను. ఇంకో వారం ఇక్కడే ఉంటామట, మేం దిగిన సత్రానికే జవాబు రాయండి. మీకు తెలియదనే నా నమ్మకం. తెలిసే పంపి ఉంటే, అదైనా మీ చేతితోనే రాయండి.

మీ బిడ్డ
శంకరవ్వ