ముప్పై పూర్తి రోజులు

2 మార్చి 2009, సోమవారం

ఇవాళ దమ్మపేటలో కంపెనీ గుమాస్తా మీద గొంతు చించుకుని అరిచిన. తప్పు మాత్రం నాది.

మా చర్చికొచ్చే కన్నమ్మ రెండెకరాల్లో జామాయిల్ వేసి ఎనిమిదేండ్లు. ఆ కర్ర కొనే కంపెనీతో ఒప్పందం ఈ నెల ముప్పై ఒకటితో అయిపోతది. వద్దనుకుంటే గడువుకు ముప్పై పూర్తి రోజుల ముందు కాగితం ఇయ్యాలె. లేకుంటే మరో నాలుగేండ్లు అదే పంట. ముసలామె ఈ వానలకన్నా మొక్కజొన్న వేసుకుందామని ఆశపడ్డది.

శనివారమే కాగితం పట్టుకొచ్చి, "ఇయ్యాల్నే పోదామా అయ్యగారూ?" అన్నది. ఆదివారం ప్రసంగం రాసుకుంటున్న నేను వేళ్ల మీద లెక్కపెట్టి, రెండో తారీకు నుంచి సరిగ్గా ముప్పై రోజులు, సోమవారం పోదామన్న. శుక్రవారం సమాధిలో పెట్టిన ప్రభువు ఆదివారం లేస్తే మూడో దినమని ఇరవై ఏండ్లుగా చెప్తున్న. మొదటి రోజును కూడా కలుపుకునే లెక్కే నాకు తెలుసు.

గుమాస్తా నవ్విండు. "ఇచ్చిన రోజు లెక్కలోకి రాదు, ఇరవై తొమ్మిదే అయినయ్. ఇది మీ ప్రభువు రాసిన కాగితం కాదు గదా అయ్యగారూ!"

నేను బైబిల్ తెరిచి వాక్యం చూపించబోయిన. కన్నమ్మే నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

బస్సు దిగేటప్పుడు అడిగింది: "ఇంకా నాలుగేండ్లంటే, అప్పటిదాక నేనుంటనా అయ్యగారూ?"

పరలోకం గురించి అడిగితే తడుముకోకుండ చెప్పేటోణ్ని.

శనివారం ఆ కాగితం ఆమె చేతిలోనే ఉండె. చెప్పులు కూడా విడవకుండ గడపల నిలబడ్డది, నేను లేస్తే పోదామని.